తోకచుక్కల మిషన్‌కు పీఐ కావాలంటే టెలిస్కోపు దారా, రాకెట్ దారా?

ప్రశ్న: తోకచుక్కను ఢీకొట్టిన నాసా మిషన్ డీప్ ఇంపాక్ట్‌కు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ (పీఐ, అంటే సైన్స్ బృందానికి పెద్ద) మైకేల్ అహెర్న్. ఆయన ఇంజనీరు కాదు, మేరీలాండ్ యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం ప్రొఫెసర్‌గా ఉండేవారు. మరి అంత మిషన్ ఆయన చేతికి ఎలా వచ్చింది? ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ధూళిరేణువు: పీఐ పని నౌక నడపడం కాదండీ. ఏం కొలవాలి, బరువో ఖర్చో మించితే ఏది వదులుకోవాలి, ఇది తేల్చేది ఆయన. నౌకను బాల్ ఏరోస్పేస్ కంపెనీ కట్టింది, నావిగేషన్ నాసా వాళ్ల జేపీఎల్ ల్యాబ్ చూసుకుంది. అహెర్న్ బలమంతా ఫోటోమెట్రీ, అంటే వెలుగును కొలవడం: 1995లో 85 తోకచుక్కల కొలతలను ఒకే పద్ధతిలో ప్రచురించారు. ఇంకోటి, 1996లో ఫేథాన్ అనే గ్రహశకలం లక్ష్యంగా వెళ్లిన మొదటి ప్రపోజల్‌ను నాసా తిరగ్గొట్టింది. గురి తగులుతుందన్న నమ్మకం కుదరలేదు. 1998లో లక్ష్యాన్ని టెంపెల్ 1 తోకచుక్కకి మార్చి, ఇంపాక్టర్ (నౌక నుంచి విడిపోయి వెళ్లి ఢీకొట్టే భాగం) తన దారి తానే దిద్దుకునేలా చేసి, అహెర్న్ పీఐగా మళ్లీ పంపితే 1999లో ఓకే అయింది.

కక్ష్య_లెక్కలు: అలా దారి దిద్దుకునే సాఫ్ట్‌వేర్ లేకపోతే పని జరగదు. ఢీకొట్టిన రోజు, 2005 జూలై 4న, నౌక సిగ్నల్ భూమిని చేరడానికే ఏడు నిమిషాల పైన పట్టింది. సెకనుకు 10.3 కి.మీ. వేగంతో ఆ లోపు నాలుగు వేల కి.మీ. దాటిపోతుంది. అందుకే 24 గంటల ముందు విడిచిన ఇంపాక్టర్, చివరి రెండు గంటల్లో తనే ఫోటోలు తీసుకుంటూ మూడుసార్లు దారి సరిచేసుకుంది. ఇంపాక్టర్‌కు రాగి వాడింది ఎందుకంటే, దాని గీతలు తోకచుక్క స్పెక్ట్రంలో (వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే పట్టీలో) తోకచుక్క గీతలతో కలగాపులగం కావు. తేడా కొట్టినవీ ఉన్నాయి: హై రిజల్యూషన్ కెమెరాకు ఫోకస్ కుదరలేదు, సన్నటి దుమ్ము లేచి, ఢీకొన్న చోట పడ్డ గొయ్యి కనపడనే లేదు. దాన్ని చూడటానికి 2011 ఫిబ్రవరి 14 దాకా ఆగి, పాత స్టార్‌డస్ట్ నౌకను పంపాల్సి వచ్చింది. గొయ్యి దాదాపు 150 మీటర్లు. స్టార్‌డస్ట్ ఆ రెండో ప్రయాణానికి పీఐ జో వెవెర్కా. 2002 ఆగస్టు 15న ఘన ఇంధన మోటారు మండించాక మాయమైన కాంటూర్ అనే తోకచుక్కల మిషన్‌కూ ఆయనే పీఐ.

రాత్రి_డ్యూటీ: మొదలెట్టాల్సింది దుమ్ము కొలతతో, అదే 'ఏ-ఎఫ్-రో': తోకచుక్క చుట్టూ దుమ్ము ఎంతుందో వెలుగును బట్టి చెప్పే అంకె. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్ల మౌంట్ అబూ 1.2 మీటర్ల టెలిస్కోపు, లద్దాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్లది ఇలాంటి పనికొస్తాయి.

టెలిస్కోపును నక్షత్రాల వేగంతో కాదు, తోకచుక్క వేగంతో తిప్పాలి. ఎఫెమెరిస్ (ఏ సమయానికి ఎక్కడుంటుందో చెప్పే పట్టిక) జేపీఎల్ హొరైజన్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అపెర్చర్ (ఫోటోలో వెలుగు కొలిచే వృత్తం) వ్యాసార్ధం తోకచుక్క దగ్గర 10,000 కి.మీ. ఉండేలా పెట్టండి, మన నుంచి దూరం 1 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) అయితే అది 13.8 ఆర్క్‌సెకన్లు. అందరూ బోల్తా పడేది స్కై, అంటే వెనక ఆకాశపు వెలుగు, తీసేటప్పుడు: దాన్ని కొలిచిన చోట కోమా (తోకచుక్క చుట్టూ ఉండే వాయువు, దుమ్ము) ఉంటే దాన్నీ తీసేస్తారు, అంకె తగ్గిపోతుంది. వీ (పచ్చ రంగు) ఫిల్టర్‌లో దానికి రివర్స్, సీ2 వాయువు వెలుగు కలిసి దుమ్ము ఎక్కువ చూపిస్తుంది. 445 లేదా 526 నానోమీటర్ల న్యారోబ్యాండ్ (సన్నటి రంగు పట్టీనే వదిలే) ఫిల్టర్ వాడితే ఆ గొడవ బాగా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: న్యారోబ్యాండ్ లేకపోతే?

రాత్రి_డ్యూటీ: ఆర్ (ఎరుపు) ఫిల్టర్. ఎన్‌హెచ్2 వాయువు వెలుగు కాస్త కలుస్తుంది గానీ వీ కంటే నయం. ఫేజ్ కోణం (తోకచుక్క దగ్గర సూర్యుడికీ భూమికీ మధ్య కోణం) మాత్రం పక్కనే రాసిపెట్టండి, అది దిద్దకుండా ఇంకొకరి అంకెలతో పోల్చలేరు.