కాంప్లెక్స్ 1 (మైటోకాండ్రియా శ్వాస గొలుసులో మొదటి ఎంజైమ్) లోపమున్న కణాల్లో ఆక్సిజన్ వినియోగం తగ్గినట్టు కనిపించట్లేదు, ఎందుకు?

ప్రశ్న: ఎన్‌డీయూఎఫ్‌ఎస్4 (కాంప్లెక్స్ 1లో ఒక సబ్‌యూనిట్ జన్యువు) మ్యుటేషన్ ఉన్న లీ సిండ్రోమ్ (మెదడును దెబ్బతీసే మైటోకాండ్రియా జబ్బు) పేషెంట్ ఫైబ్రోబ్లాస్టుల (చర్మం నుంచి పెంచే కణాలు) మీద 96 వెల్స్ సీహార్స్‌లో (కణాల ఆక్సిజన్ వినియోగం కొలిచే యంత్రం) స్ట్రెస్ టెస్ట్ చేస్తున్నాను. వెల్‌కి 15 వేల కణాలు. ఒలిగోమైసిన్ (ఏటీపీ సింథేజ్‌ని ఆపేది) 1.5, ఎఫ్‌సీసీపీ (శ్వాసను గరిష్ఠానికి తెచ్చేది) 1, రోటెనోన్ (కాంప్లెక్స్ 1ని ఆపేది), యాంటీమైసిన్ (కాంప్లెక్స్ 3ని ఆపేది) చెరో 0.5 మైక్రోమోలార్. బాసల్ రేటు (మందులేవీ వేయకముందు ఉండే రేటు) కంట్రోల్‌తో దాదాపు సమానం. ఎఫ్‌సీసీపీ తర్వాత తేడా ఒక ప్లేట్‌లో వస్తే ఇంకోదాంట్లో రావట్లేదు. ఎక్కడ చూడమంటారు?

జవాబు: బాసల్ సమానంగా రావడం విచిత్రమేమీ కాదండీ. గ్లూకోజ్ దండిగా ఉన్నప్పుడు ఈ కణాలు ఏటీపీ చాలావరకు గ్లైకాలిసిస్‌తోనే తయారుచేసుకుంటాయి, శ్వాస గొలుసు సత్తాలో కొంతే వాడతాయి. లోపం బయటపడేది గరిష్ఠ రేటు దగ్గరే. అందుకే ముందు మీ ఎఫ్‌సీసీపీ మోతాదును అనుమానించండి. 0.25, 0.5, 1, 1.5, 2 మైక్రోమోలార్ పెట్టి, కంట్రోల్‌కి ఒకసారి, పేషెంట్ కణాలకి విడిగా ఒకసారి టైట్రేట్ చేయండి. తక్కువైతే రెండూ ఒకే చోట ఆగి సమానంగా కనిపిస్తాయి. ఎక్కువైతే రేటు పడిపోతుంది, లోపం లేనిచోట కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. మీడియంలో సీరం గానీ ఆల్బుమిన్ గానీ ఉంటే ఎఫ్‌సీసీపీని పట్టేస్తాయి, సీరం లేని మీడియంలో కుదిరిన మోతాదు అక్కడ చాలదు.

మీడియంలో గ్లూకోజ్ 10, పైరువేట్ 1, గ్లుటమిన్ 2 మిల్లీమోలార్ ఉండాలి, 37 డిగ్రీల్లో పీహెచ్ 7.4. పైరువేట్ మరిచిపోతే గరిష్ఠ రేటును ఇంధనమే ఆపేస్తుంది, కాంప్లెక్స్ 1 కాదు. వెల్‌లో 180 మైక్రోలీటర్లతో మొదలుపెడితే, మందుల్ని పది రెట్ల గాఢతతో పోర్ట్ (మందు పోసే చిన్న గుంట) ఏలో 20, బీలో 22, సీలో 25 మైక్రోలీటర్లు పోయండి.

మరో జవాబు: ప్లేట్‌కీ ప్లేట్‌కీ తేడా అంటే నాకు కణాల సంఖ్య మీదే అనుమానం. లోపమున్న కణాలు నెమ్మదిగా పెరుగుతాయి. ఒకే సంఖ్యలో వేసినా మర్నాటికి అంతే ఉండవు. రన్ అయ్యాక అదే ప్లేట్‌లో హోయెక్స్ట్ (కేంద్రకాలకి అంటే రంగు) వేసి కేంద్రకాలు లెక్కపెట్టి, ఆ లెక్కతో నార్మలైజ్ చేయండి. కణాలు వేశాక ప్లేట్‌ని గంటసేపు గది ఉష్ణోగ్రతలో కదపకుండా ఉంచి, తర్వాతే ఇంక్యుబేటర్‌లో పెడితే అంచు వెల్స్‌లో ఒక పక్కకి చేరవు. పాసేజ్ నంబర్లు (కణాల్ని ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చి పెంచారో ఆ లెక్క) రెండు లైన్లకీ దగ్గరగా ఉండాలి. మైకోప్లాస్మా (కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరి. దానికి మందుగా డాక్సీసైక్లిన్ వాడి ఉంటే ఆ కణాలతో కొలవకండి, అది మైటోకాండ్రియాలో ప్రోటీన్ల తయారీనే ఆపుతుంది.

అనుబంధ ప్రశ్న: మా దగ్గర క్లార్క్ ఎలక్ట్రోడ్ (చాంబర్‌లో ఆక్సిజన్ తగ్గే రేటు కొలిచేది) మాత్రమే ఉంది. నావి 3243 మ్యుటేషన్ (మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక టీఆర్‌ఎన్‌ఏ జన్యువులో మార్పు) ఉన్న సైబ్రిడ్లు (పేషెంట్ మైటోకాండ్రియాని వేరే కణాల్లోకి చేర్చి తయారుచేసిన కణాలు). దీంతో సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, నిజానికి లోపం ఏ కాంప్లెక్స్‌లో ఉందో తేల్చడానికి చాలా బాగుంటుంది. మీ విషయంలో ముందు అదే పాసేజ్ కణాల్లో మ్యుటేషన్ శాతం కొలవండి. అది సాధారణంగా 60–90 శాతం మధ్య ఒక హద్దు దాటితే గానీ శ్వాస తగ్గదు, పైగా పాసేజ్‌లు మారేకొద్దీ ఈ శాతమూ మారిపోవచ్చు.

డిజిటోనిన్‌తో కణపొర తెరవండి. మోతాదు ముందే టైట్రేట్ చేసుకోవాలి. ఏడీపీ ఉండగా 10 మైక్రోమోలార్ సైటోక్రోమ్ సీ కలిపినప్పుడు రేటు బాగా పెరిగిందంటే మైటోకాండ్రియా బయటి పొర కూడా చిరిగినట్టే, మోతాదు తగ్గించండి. వరస ఇది: పైరువేట్, మాలేట్, ఏడీపీ (కాంప్లెక్స్ 1 దారి), రోటెనోన్, సక్సినేట్ (కాంప్లెక్స్ 2 దారి), యాంటీమైసిన్, ఆస్కార్బేట్, టీఎంపీడీ (ఎలక్ట్రాన్లు అందించే జంట, కాంప్లెక్స్ 4 కోసం). మొదటి రేటు పడిపోయి సక్సినేట్‌తో మామూలుగా వస్తే లోపం కాంప్లెక్స్ 1లో. 3243లో మాత్రం 1తో పాటు 4 కూడా తగ్గవచ్చు, టీఆర్‌ఎన్‌ఏ చెడితే మైటోకాండ్రియా సొంతంగా చేసుకునే సబ్‌యూనిట్లన్నిటికీ దెబ్బే.

రోటెనోన్, యాంటీమైసిన్ చాంబర్ గోడకి అంటుకుంటాయి, నీళ్లతో కడిగితే పోవు. 70 శాతం ఇథనాల్‌తో రెండు మూడుసార్లు, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంట్రోల్ కణాలతో ఒకసారి కొలవండి. మొదటి రేటు రాకపోతే మళ్లీ కడగాలి. టీఎంపీడీ తనంతట తానే ఆక్సిజన్ తినేస్తుంది కాబట్టి చివర్లో సోడియం అజైడ్ (కాంప్లెక్స్ 4ని ఆపేది) వేసి, మిగిలిన రేటును కాంప్లెక్స్ 4 లెక్కలోంచి తీసేయండి.