కొత్త ఇంట్లో ఫైబర్ నెట్: గోడలు పూయకముందే ఏం చేయాలి? మీ అనుభవాలు చెప్పండి

మంగళగిరి_శ్రీను
అందరికీ నమస్కారం. మంగళగిరిలో ఇల్లు కడుతున్నాం. కింద అమ్మానాన్న, పైన మేము. స్లాబులు అయిపోయాయి, కరెంటు పైపులకి గోడలు గాడి కొడుతున్నారు. వచ్చే వారం ప్లాస్టరింగ్. నాకు వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. ఫైబర్ కనెక్షన్ ఒకటే తీసుకుని రెండు అంతస్తులకీ సరిపెట్టాలని ఉంది.

మా ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "అదెంత సార్, వాళ్లే వచ్చి కిటికీలోంచి లాగేస్తారు" అన్నాడు. ఇప్పుడుంటున్న అద్దింట్లో అలాగే లాగారు. మూడేళ్లుగా ఆ కిటికీ రెక్క పూర్తిగా పడదు, ఆ సందులో మా ఆవిడ పాత సాక్సు కుక్కింది. కొత్తింట్లో కూడా సాక్సు కుక్కే ఉద్దేశం లేదు. చేసినవాళ్లు, చేసి బాధపడ్డవాళ్లు చెప్పండి.

కాకినాడ_లలిత
సాక్సు నయమండీ, మాది తలుపు. మా ఫ్లాట్‌లో కేబుల్‌ని మెయిన్ డోరు పైనుంచి తెచ్చి, బందు పక్కన మేకు క్లిప్పు కొట్టి వెళ్లిపోయారు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత రోజూ సాయంత్రం ఏడు తర్వాత నెట్ పోయేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రూటర్ ఆపి వేయమంటారు. చివరికి కనిపెట్టింది మా అత్తగారు. "దోమలొస్తాయని నేను తలుపు గట్టిగా వేసినప్పుడే ఎర్ర లైటు వెలుగుతోందే" అన్నారు. వెళ్లి చూస్తే తలుపు మూసినప్పుడల్లా కేబుల్ బందులో పడి నలుగుతోంది. తీగ తెగలేదు, వంగిందంతే. ఆ మడత దగ్గర కాంతి బయటికి పోతుందట. క్లిప్పు పీకి రెండంగుళాలు పక్కకి జరిపితే సమస్య పోయింది.

గాడి_యాదగిరి (నిజామాబాద్)
శ్రీను తమ్మీ, ప్లాస్టరింగ్ గాకముందే అడిగినవ్, మంచిపని జేసినవ్. నేను పదిహేనేండ్ల సంది వైరింగ్ పనిలనే ఉన్న. సగం మంది రంగులు ఏసినంక ఫోన్ జేస్తరు.

బయట స్తంభం దిక్కున్న గోడకెళ్లి లోపటికి 25 ఎంఎం పైపు ఒకటి సపరేటుగ ఎయ్యి. బయటి కొన కిందికి వంగి ఉండాలె, లేకుంటే వాననీళ్లు పైపు పట్టుకొని సీదా డబ్బాలకే వస్తయ్. లోపట యాడ తేలాలె అనేది నువ్వే ఖరారు జెయ్, వచ్చే పోరనికి ఇడువకు. ఆనికి దగ్గరి తొవ్వ కావాలె, నీకు ఇంటి నడిమధ్య కావాలె. మెట్ల కింద గానీ, హాలు అటక మీద గానీ లోతు డబ్బా పెట్టి, దాంట్ల రెండు సాకెట్లు ఇన్వర్టర్ లైన్ మీద ఇయ్యి. మస్తుమంది గిది మరుస్తరు. కరెంటు పోంగనె ఫ్యాను తిరుగుతది, నెట్ బందైతది.

ఆ డబ్బాకెళ్లి ఒక్కో రూముకు ఒక్కో పైపు. ఒక రూముకెళ్లి ఇంకో రూముకు జాయింటు కొట్టుకుంట పోవద్దు. మూలలకాడ ఎల్బోలు ఎయ్యకు, పొడుగు బెండ్లు ఎయ్యి, గుంజితే వైరు రావాలె. కరెంటు వైర్ల పైపుల ల్యాన్ వైరు దూర్చుడు అస్సలు వద్దు. ప్రతి పైపుల నైలాన్ దారం ఇడిచిపెట్టు. కొనలకు గుడ్డ కాదు, మూతలు పెట్టు.

మంగళగిరి_శ్రీను
అన్నా, థ్యాంక్స్. ఈరోజే మేస్త్రీకి చూపించా. డబ్బా నుంచి గదులకి కూడా ఫైబరే వేసేస్తే పోదా? భవిష్యత్తుకి పనికొస్తుందని మా బావమరిది అంటున్నాడు.

ఎక్స్ఛేంజి_తాతగారు
మీ బావమరిది ఉత్సాహం బాగుంది గానీ ఇంట్లో అవసరం లేదు నాయనా. మంచి క్యాట్-6 రాగి తీగ (అంటే ల్యాన్ వైరే) 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. మీ ఇంట్లో ఎటు కొలిచినా 30 మీటర్లు దాటదు. పైపు ఉంటే చాలు, రేపు మనసు మారితే తీగ మార్చుకోవచ్చు. పక్కింటికో, పెరట్లో ఉన్న షెడ్డుకో తీసుకెళ్లాలంటే మాత్రం ఫైబరే వేయండి. ఆరుబయట లాగిన రాగి తీగ వల్ల పిడుగుల కాలంలో రెండు వైపులా పోర్టులు కాలిపోయిన ఇళ్లు చూశాను. గాజు పోగులో కరెంటు పారదు. అయితే స్తంభం నుంచి వచ్చే నల్ల కేబుల్‌లో బరువు మోయడానికి ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని బయట కొక్కేనికి కట్టి అక్కడే కత్తిరించాలి. లోపలికి రానివ్వకండి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని చేసి రిటైరయ్యాను కాబట్టి ఒక్క లెక్క చెబుతాను. మీ వీధి చివర పెట్టెలో స్ప్లిటర్ ఉంటుంది. ఒక పోగులో వచ్చే కాంతిని మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 32కి పంచితేనే దాదాపు 17 డీబీ (కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత) పోతుంది. ప్రతి 3 డీబీకి కాంతి సగమవుతుంది. చివరికి మీ ఇంటికి చేరేది మైనస్ 27 డీబీఎం (చేరిన కాంతి బలానికి కొలత) కంటే తగ్గితే మీ ఇంట్లోని ఫైబర్ పెట్టె దాన్ని అందుకోలేదు, ఎర్ర లైటు వెలుగుతుంది. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత.

మంగళగిరి_శ్రీను
తాతగారూ, తెలియక అడుగుతున్నా. 27 అంటే 24 కంటే ఎక్కువే కదా?

ఎక్స్ఛేంజి_తాతగారు
అప్పులాగ అనుకోండి. 27 రూపాయల అప్పున్నవాడు 24 రూపాయల అప్పున్నవాడి కంటే బీదవాడు.

వనస్థలిపురం_హరీశ్
తాతగారి లెక్క నాకు ముందే తెలిసుంటే రెండు నెలలు మిగిలేవి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లు కోసేశారు, గుర్తుందా? మా గల్లీలో నాలుగు రోజులు అందరం మొబైల్ డేటా మీదే. తర్వాత వచ్చినవాళ్లు హడావిడిగా కలిపి పోయారు. నెట్ వచ్చింది, కానీ వాన పడితే పోయేది. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి తగిలే పెట్టె) సెట్టింగుల పేజీలో రిసీవ్ పవర్ అని ఉంటుంది, చూస్తే మైనస్ 26.8. ఫొటో తీసి పంపితే అప్పుడు కదిలారు. బయట చేత్తో బిగించిన కనెక్టర్ తీసేసి, మెషీన్‌తో స్ప్లైసింగ్ చేశారు, అంటే రెండు గాజు పోగుల్ని కరిగించి అతికారు. మైనస్ 21.3కి వచ్చింది. "నెట్ స్లో" అని చెబితే ఎవరూ రారు, అంకె చెబితే వస్తారు.

ఇంకోటి. ఆకుపచ్చ కొన ఉన్న కనెక్టర్‌ని నీలం దానిలో పెట్టొద్దు. ఆకుపచ్చది ఏటవాలుగా కోసి ఉంటుంది, రెండూ సరిగ్గా అతకవు. విప్పినప్పుడు కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు కూడా, ఆ కాంతి కంటికి కనబడదు.

రెడింగ్_ప్రసాద్
ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ ఇంటి బయట గోడకి చిన్న పెట్టె పెట్టి, అక్కణ్నుంచి గోడకి రంధ్రం చేసి లోపల ఓఎన్‌టీ బిగిస్తారు. వచ్చినాయన మర్యాదగా "ఎక్కడ పెట్టమంటారు?" అనే అడిగాడు. నేను మొహమాటానికి "మీకెక్కడ వీలైతే అక్కడ" అనేశాను. ముందు తలుపు పక్కన, కరెంటు మీటరు దగ్గర పెట్టి, టీ తాగి వెళ్లాడు. పై గదికి వైఫై అందదు. ఇప్పుడు కార్పెట్ అంచు కింద నుంచి మెట్ల మీదుగా పాక్కుంటూ పోయే ల్యాన్ వైరు మా ఇంట్లో ఉంది. ఇక్కడ 2027 జనవరి చివరికి పాత రాగి ల్యాండ్‌లైన్లు మూతపడుతున్నాయి. ఫోన్ కూడా రూటర్ మీదే ఆధారపడాలి కాబట్టి యాదగిరి గారు చెప్పిన ఇన్వర్టర్ సాకెట్ మాట మాకూ వర్తిస్తుంది.

కాకినాడ_లలిత
పైపుల్లో వేసే ముందు తీగ చూసుకోండి. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో చవగ్గా 305 మీటర్ల పెట్టె కొన్నాడు, పైన క్యాట్-6 అనే ఉంది. బ్లేడుతో గీరితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం. ఎత్తి చూస్తే బరువే లేదు. రెండుసార్లు వంచితే పుటుక్కుమంది.

వనస్థలిపురం_హరీశ్
దానికి తోడు క్రింపింగ్, అంటే ల్యాన్ వైరు కొనకి జాక్ బిగించడం. మా అన్నయ్య వాళ్లింట్లో 300 ఎంబీపీఎస్ ప్లాన్, వైరు పెట్టినా 94 దాటదు. అచ్చంగా 94 దగ్గర ఆగితే కంపెనీని తిట్టకండి, మీ వైరుని చూడండి. ఎనిమిది పోగుల్లో నాలుగు పనిచేసినా 100 లింక్ పడుతుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. జాక్‌ని కిటికీ వెలుగులో పెట్టి చూశా. గోధుమరంగు పోగు మిగతావాటికంటే బియ్యపు గింజంత పొట్టిగా ఉంది, లోపలి పిన్ను దాకా చేరలేదు. కత్తిరించి మళ్లీ క్రింప్ చేస్తే 290 చిల్లర వచ్చింది.

మంగళగిరి_శ్రీను
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చా. ప్లాస్టరింగ్, పుట్టీ అయ్యాయి. నిన్ననే కనెక్షన్ ఇచ్చారు. వచ్చిన అబ్బాయి కేబుల్ చుట్ట భుజాన వేసుకుని నేరుగా కిటికీ దగ్గరికే నడిచాడు! పైపు చూపిస్తే "ఇలా ఎవరూ పెట్టరు సార్" అని నవ్వాడు. దారం కొనకి కేబుల్ కట్టి లాగితే రెండు నిమిషాల్లో మెట్ల కింద డబ్బాలో తేలింది. ఉక్కు తీగ బయటే కొక్కేనికి కట్టించా. అతను వెళ్లకముందే పవర్ చూపించమన్నా, మైనస్ 20.6. తాతగారూ, అప్పు తక్కువే.

పైన నా పని గదిలో వైరు మీద 300 ప్లాన్‌కి 292 వస్తోంది. పై హాల్లో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే ఇంకో పెట్టె) ఒకటి పెట్టాం, డాబా మీద కూడా అందుతోంది.

ఒక్కటే బెడిసింది. అమ్మానాన్న గది పైపులో దారం కదలట్లేదు. మూత ఊడితే కూలీ సిమెంటు సంచి ముక్క కుక్కాడట. ఆ గదిలోనే టీవీ. సీరియల్ మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటే అమ్మ నన్ను పైనుంచి కిందికి పిలుస్తోంది.

గాడి_యాదగిరి (నిజామాబాద్)
సిమెంటు పాలు దిగి గడ్డకట్టింటది. గోడంత పలగ్గొట్టకు. వైరు గుంజే స్ప్రింగు దూర్చు, యాడ ఆగితే డబ్బా అంచుకాడ దాని మీద టేపు సుట్టు. బయటికి గుంజి, పైపు పోయిన తొవ్వలనే గోడ మీద పరువు. కొన యాడికొస్తే ఆడ జానెడు మటుకే తియ్యి. ప్లాస్టరింగ్ ముందు పైపులు ఫొటో తీసినవ్ కదా?

మంగళగిరి_శ్రీను
తీశాను అన్నా. ఆ గదిలో మాత్రం ఫొటోకి మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

గాడి_యాదగిరి (నిజామాబాద్)
మేస్త్రీ భుజానికి ఏ దిక్కు పైపు కనవడ్తుందో ఆ ఫొటో ఈడ పెట్టు, చూస్త.