పెద్దాయన వాడిన పాత క్యాలిక్యులేటర్: బాగుచేయించాలా, అలాగే ఉంచేయాలా?

పచ్చంకె
ఇంట్లో పెద్దాయన చివరిదాకా వాడిన 8 అంకెల క్యాలిక్యులేటర్ ఇది. పచ్చగా వెలిగే గాజు గొట్టం డిస్‌ప్లే, నాలుగు డబుల్ ఏ సెల్లు. సెల్లు ఏళ్ల తరబడి లోపలే ఉండి కారాయి. స్ప్రింగుల మీద తెల్లటి పొర, అక్కడక్కడ చిలుము. ఆన్ కావడం లేదు. విప్పి బాగుచేయించాలని కొందరు, ముట్టుకోకుండా అద్దాల బీరువాలో పెట్టాలని కొందరు. మీరేమంటారు?

టంకంచుక్క
ముందు గొట్టం బతికుందో లేదో చూడండి. విప్పక్కర్లేదు, టార్చి వేస్తే చాలు. గాజు లోపల ఒక మూల వెండి అద్దంలాంటి మచ్చ ఉంటుంది, దాన్ని గెట్టర్ అంటారు. అది మెరుస్తుంటే లోపల శూన్యం నిలిచి ఉన్నట్టే. పాలలా తెల్లబడిందా, గాలి దూరింది, ఆ గొట్టం ఇక వెలగదు. అదే రకం మరో పాత యంత్రం నుంచి తీస్తే తప్ప గొట్టానికి గానీ చిప్‌కి గానీ బదులు దొరకదు. మిగతావన్నీ మార్చుకోగలిగినవే. నా ఓటు బాగుచేయడానికే, గెట్టర్ మెరిస్తే.

బీరువాపక్షం
నా ఓటు వద్దనే. జ్ఞాపకం అంటే వేలి ఒరిపిడికి అరిగిపోయిన ఆ బటన్లూ, పసుపెక్కిన ఆ ప్లాస్టిక్ డిప్పా. లెక్క చేయడానికి ఫోను ఉంది. ఆ కాలపు డిప్పల్లో లోపలి సర్క్యూట్ బోర్డుని చాలాచోట్ల ప్లాస్టిక్ మేకుల్ని కరిగించి బిగించేవారు. విప్పాలంటే వాటిని కోయాలి, కోసినవి మళ్లీ అతకవు. మూత కొక్కేలు కూడా పెళుసెక్కి ఉంటాయి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే పుటుక్కుమంటాయి.

టంకంచుక్క
బీరువాలో పెట్టినంత మాత్రాన ఆ కారిన రసం ఊరుకోదు కదండీ. ఆల్కలైన్ సెల్లయితే కారింది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. గాలి తగిలి పైన తెల్లటి కార్బొనేట్‌గా మారుతుంది, అడుగున తేమ పీల్చుకుంటూ రాగిని తింటూనే ఉంటుంది. తీగ తొడుగు లోపలికి కూడా పాకుతుంది. పైకి బాగానే కనిపించే తీగ లోపల నల్లబడి ఉంటుంది, దానికి టంకం అంటదు. అలాంటి తీగ మార్చాల్సిందే. అలంకారంగా ఉంచినా సరే, శుభ్రం చేయడం తప్పదు.

చిలుముగీకుడు
శుభ్రం సంగతి నేను చెబుతా, చాలామంది తలకిందులుగా చేస్తారు. ఆల్కలైన్ సెల్లు కారితే వెనిగర్ లేదా నిమ్మరసం. పాత జింక్-కార్బన్ సెల్లయితే కారింది ఆమ్లం, దానికి వంటసోడా నీళ్లు. ఏ సెల్లో తెలియకపోతే లిట్మస్ కాగితం తడిపి తాకించండి: నీలం తిరిగితే క్షారం, ఎరుపైతే ఆమ్లం. దూదిపుల్లని ముంచి పిండి రుద్దాలి, పోయకూడదు. బుడగలు ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు, తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, ఒక రోజు ఆరనివ్వాలి. అంకెలూ గుర్తులూ అచ్చేసిన చోట మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, అక్షరాలు లేచిపోతాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

పచ్చంకె
గెట్టర్ మెరుస్తోంది. కొత్త సెల్లు వేసి చూడనా?

టంకంచుక్క
వద్దు! ముందు మల్టీమీటర్‌తో ప్రతి స్ప్రింగు నుంచి బోర్డు దాకా కరెంటు దారి తెగకుండా ఉందో చూడండి. అది సరిగా ఉంటే కరెంటు హద్దు పెట్టగల సప్లైతో 6 వోల్టులు ఇవ్వండి, హద్దు 200 మిల్లీయాంపియర్లు. హద్దు తాకి వోల్టేజి పడిపోతే ఎక్కడో షార్టు, వెంటనే ఆపేయండి. అడాప్టర్ జోలికి పోకండి. కొన్నింటి మధ్య పిన్ను నెగటివ్, తిరగేసి ఇస్తే చిప్ పోయినట్టే.

వెలగకపోతే అనుమానం గొట్టం మీద కంటే ముందు చిన్న ఇన్వర్టర్ మీద పెట్టుకోవాలి. ఒక ట్రాన్సిస్టరు, గోళీ అంత ట్రాన్స్‌ఫార్మరు కలిసి 6 వోల్టుల నుంచి గొట్టానికి కావలసిన పాతిక వోల్టుల దాకా చేస్తాయి. అక్కడి కెపాసిటర్లు ఎండిపోతే అంకెలు మసకగా వస్తాయి, అసలు రాకపోవచ్చు. అందుకే వాటన్నిటినీ ఒకేసారి మార్చేయమంటాను. అదే మైక్రోఫారడ్ విలువ, వోల్టేజి అంతే లేదా ఇంకాస్త ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టే రకం.

చిలుముగీకుడు
అన్నీ ఎందుకండీ? కాగితాన్ని ఫినాలిక్ జిగురుతో అతికి చేసిన బోర్డులవి, వేడి రెండు సెకన్లు ఎక్కువైతే రాగి ప్యాడు లేచివస్తుంది. కొలిచి, విలువ పోయినదాన్నే మార్చాలి. నాలుగు బాగున్న కెపాసిటర్లు మార్చబోయి ఒక ప్యాడు పోగొట్టుకోవడం లాభమా? ఎలాగూ తీయాల్సి వస్తే టంకం కర్ర కొన 330 డిగ్రీలు, టంకం బాగా పారనిచ్చే ఫ్లక్స్ ధారాళంగా, ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లు, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట తెగిందేమో కూడా చూడండి, ఆ సన్నటి తీగని క్షారం ముందు తింటుంది.

టంకంచుక్క
సరే, కొలిచే మార్చండి. ఆ మాటకు ఒప్పుకుంటాను. ఉబ్బినవాటిని మాత్రం కొలవక్కర్లేదు.

కొత్తచిప్
ఇంత గొడవెందుకు? లోపల మైక్రోకంట్రోలరు అనే కొత్త చిప్, చిన్న ఓఎల్ఈడీ తెర పెట్టేస్తే పైన అదే డిప్ప, అవే బటన్లు.

బీరువాపక్షం
చూశారా, భయపడింది దీనికే. పెద్దాయన పంచె వేరేవాడికి కట్టినట్టుంటుంది. అంతకంటే చచ్చిన గొట్టమే నయం.

టంకంచుక్క
ఈ ఒక్కదాంట్లో నేనూ మీ పక్షమే. ఆ గొట్టం వెలుగు వేరు, ఓఎల్ఈడీకి రాదు.

చిలుముగీకుడు
వెలిగాక పరీక్ష ఇలా: 11111111 × 8 కొడితే ఎనిమిది గడుల్లోనూ 8 రావాలి, ఏ గీత ఆరినా తెలిసిపోతుంది. 12345679 × 8 = 98765432 రావాలి. 1 ÷ 0 కొడితే తప్పు గుర్తు చూపాలి. అంకె రెండుసార్లు పడుతుంటే బటన్ కింద ఆనే చోట మురికి ఉన్నట్టు, ఆల్కహాల్ తడిపిన పుల్లతో పోతుంది. ఉప్పుకాగితం పెట్టి గీకకండి, కింద కార్బన్ పూత ఉంటే లేచిపోతుంది.

ఎర్ర ఎల్ఈడీ రకాలున్నవాళ్లకు ఒక మాట: హెచ్‌పీ-21, హెచ్‌పీ-25 లాంటివాటిని బ్యాటరీ ప్యాక్ లేకుండా చార్జర్ మీద నడిపితే లోపలి చిప్‌లు కాలిపోవచ్చు.

బీరువాపక్షం
పసుపు పోగొట్టడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టమని ఎవరో ఒకరు వస్తారు, ముందే చెబుతున్నాను, వద్దు. రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది, కొన్నాళ్లకు పసుపు మళ్లీ వస్తుంది.

పచ్చంకె
అయితే శుభ్రం, కొలత, అవసరమైతే కెపాసిటర్లు. డిప్ప జోలికి పోను. విప్పాక ప్లాస్టిక్ మేకులు కోయాల్సి వస్తే?

టంకంచుక్క
మూత తీశాక బోర్డు వెనకవైపు టంకాలన్నీ అందుతుంటే కోయకుండానే పని అయిపోతుంది. అందకపోతే అక్కడే ఆపి, మూత పెట్టేసి, బీరువాపక్షం గారి మాట వినండి.

బీరువాపక్షం
వింటే సంతోషం. బాగైనా కాకపోయినా సెల్లు తీసే ఉంచండి. దాంతో వచ్చిన రెక్సిన్ సంచిలో మాత్రం పెట్టకండి, అందులోని మెత్తదనపు నూనె ప్లాస్టిక్‌ని జిగటగా చేసి అంటుకుపోతుంది. మార్చిన పాత కెపాసిటర్లు పారేయకుండా చిన్న కవరులో వేసి, తేదీ రాసి పక్కనే పెట్టండి.