వేలు వదిలేశాక స్ట్రైకర్‌లో బలం మిగులుతుందా?

ప్రశ్న:
మౌలాలిలో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. నిన్న బలాల పాఠంలో స్పర్శా బలాలు (తాకితేనే పనిచేసేవి), క్షేత్ర బలాలు (తాకకుండానే పనిచేసేవి) అని రాయగానే ఒక అమ్మాయి లేచింది. "క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను కొట్టాక వేలు ఇక్కడే ఉండిపోతుంది కదా టీచర్, అది ఇంకా ఎందుకు వెళ్తోంది? లోపల బలం మిగిలిందా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! నిర్వచనం చదివించి దాటేయడానికి మనసు ఒప్పలేదు. ఎలా చూపించాలి?

జవాబు 1:
ఆ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టండి మేడమ్. వేలి బలం తాకి ఉన్నంతసేపే. తర్వాత ముందుకు నెట్టేది ఏదీ లేదు, అప్పటికే వచ్చిన వేగంతోనే అది సాగుతుంది. దాన్ని నెమ్మదింపజేసేది ముఖ్యంగా ఘర్షణ. బోర్డును తరగతికే తీసుకెళ్లి, పొడి లేకుండా ఒకసారి, చల్లి ఒకసారి కొట్టించండి. పొడి మీద సర్రున జారి, అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. కొట్టిన తీరు అదే, తగ్గింది ఘర్షణ.

జవాబు 2:
క్షేత్ర బలాలకు అట్ట కింద అయస్కాంతం, పైన గుండుసూది చాలు. స్కేలును జుట్టుకు రుద్ది కాగితం ముక్కలు ఎత్తే ప్రయోగం మాత్రం వానాకాలంలో వద్దండి. గాలిలోని తేమకు స్కేలు మీద విద్యుదావేశం నిలవదు, పిల్లలు నిరుత్సాహపడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజు బోర్డు పెట్టాం. పొడి చల్లగానే "ఘర్షణ తగ్గింది!" అని మొదట అరిచింది ఆ అమ్మాయే. చివర్లో 100 గ్రాముల జామకాయను అందరి అరచేతుల్లో పెట్టాను. దాని బరువు, అంటే భూమి దాన్ని లాగే బలం, దాదాపు 1 న్యూటన్. "ఇంతేనా టీచర్?" అంటూ మళ్లీ మళ్లీ పట్టుకుని చూశారు.