అప్‌డేట్: మా ఆఫీసులో ఆన్‌లైన్ శిక్షణ ఎంతవరకు వచ్చిందంటే

ఆరు నెలల క్రితం మిమ్మల్ని ఒక సలహా అడిగాను. మా ప్రభుత్వ కార్యాలయంలో శిక్షణను ఆన్‌లైన్‌లోకి మారుస్తున్నాం, కానీ సీనియర్ ఉద్యోగులు కంప్యూటర్ అంటేనే టెన్షన్ పడుతున్నారు, ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మొదటి ప్రయత్నం దెబ్బతింది. గంటసేపు సాగే వీడియోలు పెట్టాం. చాలామంది వాటిని నడవనిచ్చి పక్కన ఫైళ్లు చూసుకున్నారు. రికార్డులో మాత్రం అందరూ 'పూర్తి చేశారు'! వీడియో చివరిదాకా నడవడం, విషయం తలకెక్కడం ఒకటి కాదని అప్పుడు అర్థమైంది.

తర్వాత మీరు చెప్పినట్టే మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌కి మారాం. 2002 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగల) వేదిక కాబట్టి లైసెన్సు ఖర్చు లేదు, సర్వర్, నిర్వహణ ఖర్చులే. దాని మొబైల్ యాప్‌లో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నెట్ సరిగా రాని చోట పనిచేసేవాళ్లకు ఇదే పెద్ద ఊరట.

పాఠాలను పది నిమిషాలకు కుదించాం. ప్రతిదాని చివర పేర్లు తీసేసిన ఒక నిజమైన దరఖాస్తు ఇచ్చి, 'దీన్ని ఆమోదిస్తారా, తిప్పి పంపుతారా, ఏ నిబంధన ప్రకారం?' అని అడుగుతున్నాం. అసలు మార్పు అక్కడే వచ్చింది. ఇప్పుడు టీ తాగేటప్పుడు కూడా ఆ ప్రశ్నల మీదే వాదించుకుంటున్నారు.

ఇంకో మాట: చదువుకోవడానికి ఆఫీసు వేళల్లోనే సమయం ఇవ్వండి. ఇంటికెళ్లి చేసుకోమనడం అన్యాయం.

రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒక మేడమ్ ఇప్పుడు కొత్తవాళ్లకు లాగిన్ నేర్పిస్తున్నారు.