పొంగినదా, పులిసినదా, పొంగించేదా? నిర్గమకాండంలో ఒక మాట

ఎడిసన్ నుంచి:
గ్రూపులో అందరికీ ఒక సందేహం. నాలుగు రోజులుగా బైబిల్లో, నిర్గమకాండంలోని ఒక వాక్యం తలలో తిరుగుతోంది. చిన్నప్పుడు గుంటూరులో మా పక్కింటి మామ్మ ఈస్టరు ముందు రోజుల్లో వసారాలో కూర్చుని పైకి చదివేది. "మీ యిండ్లలోనుండి ... పారవేయవలెను." మధ్యలో మాట "పొంగినది" అని నా చెవికి గుర్తు. మా ఆవిడేమో "పులిసినది" అయ్యుంటుంది, పొంగినదాన్ని ఎవరు పారేస్తారు అంటోంది.

ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా ఇంటి ఓనర్లు యూదులు, పై అంతస్తులో ఉంటారు. పస్కా అంటే ఇంట్లో పులిసినదేదీ ఉంచుకోకూడని వాళ్ల పండగ. దానికి మూడు వారాల ముందు నుంచే ఇల్లంతా తిరగేశారు. సోఫా దిండ్ల కింద, కోట్ల జేబుల్లో, కారు సీట్ల సందుల్లో, ఎక్కడెక్కడ బిస్కెట్ పొడి రాలి ఉంటుందో అక్కడల్లా. పండగ ముందు రాత్రి చీకటి పడ్డాక మమ్మల్ని కూడా పిలిచారు. లైట్లు ఆర్పి కొవ్వొత్తి వెలిగించారు. ముందే కాగితంలో చుట్టి దాచిన పది రొట్టె ముక్కల్ని పిల్లలు వెతుకుతుంటే, దొరికినదాన్ని ఇంటాయన ఈకతో చెక్క గరిటెలోకి ఊడ్చాడు. పొద్దున్నే ఆ ముక్కల్ని, ఈకని, గరిటెని అన్నీ కలిపి కాల్చేశారు. అది చూస్తుంటే మామ్మ గొంతు వినిపించింది. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

తెనాలి మాస్టారు:
మీ చెవి కరెక్టే. నిర్గమ 12:15 లో "పొంగినది పారవేయవలెను" అనే ఉంటుంది. ఆవిడ మాట కూడా తప్పు కాదు, అదే వాక్యంలో కొంచెం ముందుకెళ్తే "పులిసిన దానిని తిను ప్రతి మనుష్యుడు" అని వస్తుంది. 13:7 లో కూడా రెండూ పక్కపక్కనే. అనువాదకులు ఏదో వైవిధ్యం కోసం మాట మార్చారని నేను అనుకోను. హీబ్రూలో అక్కడ రెండు వేర్వేరు మాటలున్నాయి. హమేత్స్ అంటే పులిసినది. రెండోది సెయోర్. దానికే మనవాళ్లు పొంగినది అని పెట్టారు. ఇంగ్లీషులో చాలాచోట్ల ఈ తేడా కలిసిపోతుంది, తెలుగులో నిలబెట్టారు, నాకు దీని మీద చాలా గౌరవం.

రుబ్బురోలు:
మాస్టారూ, గౌరవం సరే, మాట మాత్రం సరిపోలేదండి. సెయోర్ అంటే పొంగినది కాదు, పొంగించేది. బాగా పులియబెట్టి దాచుకున్న పాత పిండి ముద్ద. అది తినడానికి పనికిరాదు, కొత్త పిండిలో కలపడానికే. ఒక్క "ఇంచు" పోయేసరికి కర్త కాస్తా కర్మ అయిపోయింది. నన్నడిగితే మన వంటింట్లో దీనికి మాట ఎప్పుడో ఉంది. పాలల్లో వేసేదాన్ని తోడు అంటాం, చేమిరి అంటాం. అలాగే ఇది తోడుపిండి. "మీ యిండ్లలోనుండి తోడుపిండి పారవేయవలెను" అని చదివి చూడండి, ఏ ఇల్లాలికైనా వెంటనే తెలుస్తుంది, పైగా గుండె జారుతుంది. ఏళ్ల తరబడి కాపాడుకున్న తోడు పారేయమంటే మాటలా!

తెనాలి మాస్టారు:
తోడుపిండి బాగుందమ్మా, ఒప్పుకుంటాను. కానీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో "పులిపిండి" అనే మాట ఉండనే ఉందిగా, అక్కడ సరిగ్గా మీరు చెప్పే అర్థమే. దాన్నే ఇక్కడా వాడి ఉండొచ్చు. వాడలేదంటే కారణం ఉండే ఉంటుంది. నా ఊహ ఇది: పొంగు అనే మాటలో గర్వం కూడా ఉంది. ఉప్పొంగడం, పొంగిపోవడం. యూదు గురువుల చర్చల గ్రంథం తల్మూదులో, బెరాఖోత్ అనే భాగం 17ఏ పుటలో రబ్బీ అలెగ్జాండ్రి ప్రార్థన ఒకటుంది, నీ ఇష్టం నెరవేర్చాలనే మాకూ ఉంది కానీ పిండిలోని సెయోర్ అడ్డుపడుతోంది అని. అక్కడ సెయోర్ అంటే మనిషి లోపలి చెడు ప్రేరణ. "పొంగినది" అంటేనే ఈ రెండో అర్థం పలుకుతుంది, తోడుపిండిలో పలకదు.

ఎడిసన్ నుంచి:
కానీ మాస్టారూ, మనకి పొంగడం శుభం కదా. గృహప్రవేశంలో పాలు పొంగించకపోతే ఊరుకుంటామా? నాకు చిన్నప్పుడు ఆ వాక్యం వింతగా తోచింది అందుకేనేమో.

పాతబస్తీ:
మీరంతా హీబ్రూ దగ్గరే ఆగారు. ఆ రాత్రి వెతకడం అయ్యాక వాళ్లు ఒక వాక్యం చదివి ఉంటారు, "కోల్ హమీరా" అని మొదలవుతుంది. అది హీబ్రూ కాదు, అరామిక్. నేను చూడని, నాకు తెలియని పులిసిన పదార్థం ఏదైనా ఇంట్లో ఉంటే అది ఎవరిదీ కాదు, నేల మీది ధూళితో సమానం అని అర్థం. సామాన్యులకి అర్థం కావాలని వాడుక భాషలో పెట్టిన మాట అది. ఆ "హమీరా", మా హైదరాబాదు ఖమీరీ రోటీలో "ఖమీర్" (పులియబెట్టే పిండి) ఒకటే వేరు. అరబ్బీ ఖమీర్, అరామిక్ హమీరా అక్కచెల్లెళ్లు. హమేత్స్ మాత్రం వేరే ధాతువు, పులుపు అనే అర్థం నుంచి వచ్చింది, అంటే మన పులియుకి దగ్గర. కాబట్టి సెయోర్‌కి "ఖమీరు" అని పెడితే పోయేది. తెలంగాణలో ఎవరికీ వివరించక్కర్లేదు.

రుబ్బురోలు:
కోస్తాలో వివరించాలండి. అయినా నా సందేహం వేరు. ఇడ్లీ పిండి పులుస్తుంది, పొంగుతుంది, రెండూ చేస్తుంది. మరి అది హమేత్స్ అవుతుందా?

కొచ్చి అక్క:
కాదు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే గోధుమ జాతి, ఈ ఐదు ధాన్యాలకే హమేత్స్ వర్తిస్తుంది. వాటి పిండి నీళ్లు తగిలి కదపకుండా 18 నిమిషాలు ఉంటే హమేత్స్ కింద లెక్క, అందుకే పస్కాకి తినే పులియని రొట్టె, మాత్సా, అంత హడావిడిగా కాలుస్తారు. బియ్యం గురించి తల్మూదులోనే పెసహీమ్ అనే భాగం 35ఏ లో చర్చ ఉంది. బియ్యం పులియదు, చెడుతుంది అని తేల్చారు. రబ్బీ యోహనాన్ బెన్ నూరి ఒక్కడే బియ్యం కూడా ధాన్యమే అన్నాడు. అష్కెనాజీలు, అంటే ఐరోపా మూలాలున్న యూదులు, బియ్యం, పప్పులు కూడా మానేస్తారు, అది వాళ్ల ఆచారం. కొచ్చి యూదులు తినేవాళ్లు, కానీ పస్కాకి ముందు బియ్యాన్ని గింజ గింజా ఏరి, మధ్యలో ఒక్క గోధుమ గింజ కూడా లేకుండా చూసుకునేవాళ్లు. బావులు తోడి కడిగేవాళ్లు, గోడలకి సున్నం వేసేవాళ్లు. 1950ల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.

ఇంకో మాట. ఇక్కడ కేరళలో సిరియన్ క్రైస్తవులు పెద్ద గురువారం రాత్రి పెసహా అప్పం చేసుకుంటారు. బియ్యం, మినప్పప్పు, అంటే అచ్చం మన ఇడ్లీ సరుకే. కానీ పులవనివ్వరు. వాళ్లు ఆ పేరు "పెసహా" అని ఉంచుకున్నారు, మనకి గ్రీకు దారిలో వచ్చి "పస్కా" అయింది.

రుబ్బురోలు:
"పులియదు, చెడుతుంది" ఎంత చక్కని తేడా! మనకీ ఉందండి అది. పిండి "పులిసింది" అంటే సంతోషం, పిండి "పులిసిపోయింది" అంటే పారబోయాల్సిందే. ఒక్క "పోయింది"లో తల్మూదు చర్చంతా ఉంది.

వేమన అభిమాని:
అందరూ పిండి దగ్గరే ఉన్నారు, గిన్నెల సంగతి ఎవరూ ఎత్తలేదు. పస్కాకి అసలు కష్టం గిన్నెలే. లోహపు గిన్నెల్ని ఒక రోజంతా వాడకుండా ఉంచి మరిగే నీళ్లలో ముంచుతారు, నిప్పు మీద నేరుగా వాడేవాటిని ఎర్రగా కాలుస్తారు, మట్టి పాత్రకి మాత్రం శుద్ధి లేదు. మన మడి వంటిళ్లలో మైలపడ్డ కుండ పారేసి ఇత్తడి తోముకున్నట్టే. దీనికి తెలుగు మాట వేమన ఎప్పుడో ఇచ్చాడు: "భాండశుద్ధి లేని పాకమేల". ఈ పద్యాన్ని ఆచారం వద్దన్న పద్యంగా చదివేస్తాం. నేనలా ఒప్పుకోను. గిన్నె శుభ్రంగా ఉండాలన్నది అక్కడ ఆయన వాదన కాదు, అందరూ ఒప్పుకునే విషయం. దాన్ని ఆధారం చేసుకునే మనసు దగ్గరికి వెళ్తాడు. కొవ్వొత్తితో గది మూలలు వెతికే మనిషికి వేమన కచ్చితంగా నచ్చుతాడు.

తెనాలి మాస్టారు:
మూడు "శుద్ధి"ల్లో మధ్యది మెట్టు అన్నమాట. బాగా చెప్పారు. కానీ "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అని ముగిసేసరికి ఆ మెట్టు వెనక పడిపోతుంది కదా?

వేమన అభిమాని:
మెట్టు వెనక పడటమంటే మనం పైకెక్కామనే కదండీ. మీరు పద్యం చివరి నుంచి వెనక్కి చదువుతున్నారు.

పాతబస్తీ:
చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడే యూదులు. ఇక్కడ మనం మాటలు కల్పించేకంటే, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు హమేత్స్‌ని, సెయోర్‌ని ఏమంటారో ఎవరైనా వెళ్లి వినాలి. గుంటూరు జిల్లావాళ్లు ఇంతమంది ఉన్నారు గ్రూపులో.

ఎడిసన్ నుంచి:
నేను జూలైలో వస్తున్నాను, వెళ్తాను. కానీ మొదటి సందేహం ఇంకా తీరలేదు. మామ్మ పుస్తకం చాలా పాత ముద్రణ, అట్ట ఊడిపోయి గుడ్డలో చుట్టి ఉండేది. నాకు ఇప్పుడు "పొంగించునది" అని కూడా వినిపిస్తోంది, రుబ్బురోలు గారి మాట చదివాక వినిపిస్తోందో, నిజంగా అదే విన్నానో చెప్పలేను. ఎవరి ఇంట్లోనైనా బాగా పాత బైబిలు ఉంటే నిర్గమ 12:15 ఉన్న పేజీ ఫొటో పెట్టండి.