మొదటి ఆటోమేటిక్ వాచీయా, మంచి గ్రైండరా? 15 వేలలో ఏది ముందు?

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది విజయవాడ. ఆర్నెల్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. బోనస్‌లో 15 వేలు నాకోసమని పక్కన పెట్టుకున్నాను. ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికకే కీ పడేది) కొనాలన్నది మూడేళ్ళ కోరిక. ఇంకోపక్క కాఫీ పిచ్చి పట్టుకుంది. స్టీలు ఫిల్టరులో 80:20 పొడి వేసుకు తాగేవాడిని, పోయిన నెల వి60 (కాగితం ఫిల్టరు పెట్టి నీళ్ళు పోసే గరాటు) కొన్నాను. గ్రైండర్ లేదు. గింజలు మిక్సీలో కొడితే సగం పిండి, సగం రవ్వ.

ఇంకో సంగతి. తాతయ్య పెట్టుకున్న హెచ్‌ఎంటి జనతా నా దగ్గరికొచ్చింది. కీ ఇస్తే ఆడుతోంది కానీ ఈమధ్య రోజుకి 4 నిమిషాలు ముందుకి పోతోంది. డయల్ మీద 6 దగ్గర తుప్పురంగు మరక ఉంది. బజార్లో ఒకాయన కొత్త రంగు వేసి తళతళలాడించి ఇస్తానంటున్నాడు. వేయించమంటారా? చివరిగా, మా ఇంట్లో ఆర్వో నీళ్ళు. వి60 కాఫీ చప్పగా వస్తోంది. నీళ్ళ వల్లేనా?

మన్యం_గాలి:
80:20 అంటే 20 పాళ్ళు చికోరీ. ముందు అది మానండి, గ్రైండర్ సంగతి తర్వాత. మాది పాడేరు దగ్గర. ఇంటి వెనక రెండెకరాల కాఫీ, సిల్వర్ ఓక్ చెట్ల నీడన. ఆ చెట్ల మీదే మిరియాల తీగ. నవంబరు వచ్చిందంటే కోత. చెట్టంతా ఒకేసారి పండదు. ఎర్రబడ్డ పండు ఏరి, పచ్చిది వదిలేసి, కొన్నాళ్ళకి మళ్ళీ అదే చెట్టు దగ్గరికి రావాలి. సాయంత్రానికి మా అమ్మ వేళ్ళు జిగురు పట్టి నల్లబడిపోతాయి. ఆ రాత్రే పండు తోలు తీయకపోతే గింజకి పులుపు వాసన పట్టేస్తుంది. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సొంత పంటని) వచ్చింది. ఇంత కష్టపడి పంపిన గింజలో మాడ్చిన వేరు పొడి కలుపుకుంటున్నారంటే మాకు బాధగా ఉంటుంది. నా దృష్టిలో అది కల్తీయే.

డబరా_గ్లాసు:
కల్తీ అన్న మాట వెనక్కి తీసుకోండి. చెప్పకుండా కలిపితే కల్తీ. ప్యాకెట్ మీద శాతం రాసి అమ్మేది కల్తీ ఎలా అవుతుంది? కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నియమం కూడా ఉంది. మా నెల్లూరులో పొద్దున్నే ఎవరింటికైనా వెళ్ళి చూడండి. రాత్రి పడుకునే ముందు మూడు చెంచాల పొడి వేసి, కాడ ఉన్న బిళ్ళతో అదిమి, మరుగుతున్న నీళ్ళు పోసి మూత పెడతాం. తెల్లారేసరికి కింది గిన్నెలో డికాషన్ తేనెలా దిగి ఉంటుంది. ఆ చిక్కదనం చికోరీది. ఉత్త కాఫీ పొడిలో నీళ్ళు గబగబా జారిపోతాయి, పాలు పోయగానే తేలిపోతుంది.

కంటద్దం_94:
వాచీ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 94 నుంచి వాచీ రిపేరు బెంచీ మీద కూర్చుంటున్నాను, అంతకుముందు మా నాన్నగారు అదే బెంచీ మీద కూర్చునేవారు. గోదావరి జిల్లాల్లో హెచ్‌ఎంటి అంటే మా దగ్గరికే వస్తారు. బాబూ, డయల్‌కి రంగు వేయించకండి. జపాన్ సిటిజన్ వాళ్ళ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైంది హెచ్‌ఎంటి వాచీ. 2016లో మూసేశారు. మీ చేతిలో ఉన్న డయల్ మళ్ళీ పుట్టదు. కంటద్దం పెట్టి చూడండి. అసలు అచ్చులో నిమిషాల గీతలు అన్నీ ఒకే సన్నం, అంచులు కోసినట్టుంటాయి. రంగు వేసినదాంట్లో గీత గీతకీ లావు మారుతుంది, అంకెల కాళ్ళు రంగు కారినట్టు అలుక్కుపోతాయి. పసుపు, నారింజ, ముదురు ఆకుపచ్చ రంగుల్లో కొత్తగా మెరుస్తూ ఆన్‌లైన్లో దొరికే జనతాల్లో చాలామటుకు ఆ బాపతే. ఆ మరక మీ తాతగారి చెమట. ఉంచుకోండి.

ఇక 4 నిమిషాలు. ఇంతకుముందు బాగానే ఆడి ఇప్పుడు ముందుకి పరిగెడుతుంటే మొదటి అనుమానం అయస్కాంతం. లోపల ఊగే బ్యాలెన్స్ చక్రానికి హెయిర్‌స్ప్రింగ్ అని వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ ఉంటుంది. దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగ్ పొడవు తగ్గినట్టే, చక్రం తొందరగా ఊగుతుంది. ఫోన్‌లో కంపాస్ తెరిచి వాచీ దగ్గరికి పెట్టండి. ముల్లు గట్టిగా తిరిగితే అదే.

సనత్‌నగర్_బిడ్డ:
అన్నా, రంగు ఏపియ్యొద్దని గంత గట్టిగ ఎట్ల చెప్తవ్? మా నాయిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీల పనిచేసిండు, ఫ్రిజ్‌ల సెక్షన్. గా కంపెనీ సీకో వాళ్ళతోని కల్సి వాచీలు గూడ చేసింది, గిది ఇప్పటి పోరగాళ్ళకు ఎర్కనే లేదు. ఆయన ఆల్విన్ వాచీ మా బీరువల ఇర్వై ఏండ్లు పడుండె. డయల్ మొత్తం బూజు పట్టి అంకె కనవడకపోయె. నేను రంగు ఏపిచ్చిన. మా చెల్లె పెండ్లినాడు పెట్టుకున్నడు. చెయ్యి పైకెత్తి అందరికీ చూపెట్టిండు. నీ లెక్కల అది తప్పా?

కంటద్దం_94:
తప్పే. ఆ బూజు కింద అసలు అచ్చు ఉండి ఉంటుంది. మెల్లగా శుభ్రం చేయించాల్సింది. ఇప్పుడు అది ఆల్విన్ కేసులో ఇంకెవరో గీసిన బొమ్మ.

సనత్‌నగర్_బిడ్డ:
బొమ్మనా? నోరు సంబాళించుకొని మాట్లాడు. ముప్పై ఏండ్లు బెంచీ మీద కూసున్నవని మా నాయిన వాచీని బొమ్మ అంటవా? నువ్వు చూడలే, ముట్టలే. వాచీ ఉన్నది పెట్టుకునేటందుకు, కంటద్దంతోని పరీక్ష జేసేటందుకు కాదు.

మన్యం_గాలి:
డబరా మేడం, చిక్కదనం కావాలంటే రోబస్టా ఉంది కదా. 70 అరబికా, 30 రోబస్టా ముదురు వేపుడు, ఫిల్టరుకి తగ్గట్టు సన్నగా కొట్టి చూడండి. నీళ్ళు మెల్లగానే దిగుతాయి, పాలకి ఆగుతుంది, తాగేది మొత్తం కాఫీయే. చికోరీలో కెఫీన్ లేదు, కాఫీ వాసన లేదు. కాఫీ గింజ రేటు చూసి సగం వేరుతో నింపుతున్నారు. ఆ డబ్బు రైతుకి రావాల్సింది.

డబరా_గ్లాసు:
రోబస్టా మాకు చేదు. రైతు బాధ నాకూ తెలుసు, మాదీ వ్యవసాయమే. చికోరీ మాత్రం ఎక్కడ పండుతోంది? గుజరాత్, ఉత్తరప్రదేశ్ రైతుల పొలాల్లోనే. వాళ్ళది కష్టం కాదా? మా అత్తగారు నలభై ఏళ్ళు అదే పొడితో కాఫీ కలిపారు. ఆఖరి రోజుల్లో అన్నం మానేసినా పొద్దున గ్లాసుడు కాఫీ అడిగేవారు. మీరు దాన్ని మాడ్చిన వేరు అంటే నాకు ఎలా ఉంటుంది చెప్పండి.

డల్లాస్_డికాషన్:
ఈ గొడవలో ఆ అబ్బాయి ప్రశ్న కొట్టుకుపోతోంది. గ్రైండర్ ముందు కొను తమ్ముడూ. మిక్సీ బ్లేడుతో వి60 చేస్తే పిండి చేదు దిగుతుంది, రవ్వ పులుపు దిగుతుంది, రెండూ ఒకే కప్పులో. టైమ్‌మోర్ సీ2 లాంటి చేతి గ్రైండర్ చాలు. నేను 15 గ్రాముల పొడికి 240 గ్రాముల నీళ్ళు పోస్తాను. ముందు 30 పోసి 45 సెకన్లు ఆగాలి. కొత్తగా వేయించిన గింజైతే పొడి బన్నులా పొంగుతుంది, లోపలి గాలి పోవాలి. మొత్తం మూడు నిమిషాల్లోపు దిగితే నీ రుబ్బుడు సరిగ్గా ఉన్నట్టు.

ఆ 45 సెకన్లకి నేను ఫోన్ ముట్టుకోను. డైవర్ వాచీ బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే అంకెల చట్రం) తిప్పి, సున్నాని నిమిషాల ముల్లుకి ఎదురు పెట్టుకుంటాను. మొత్తం టైము అక్కడ చూస్తాను, 45 సెకన్లు సెకన్ల ముల్లు మీద. రెండు సరదాలూ ఒకే చోట కలిసే నిమిషాలు అవి. కానీ పాత వాచీతో ఈ పని చెయ్యకు. నేను హెచ్‌ఎంటి సోనా పెట్టుకుని కెటిల్ ఎత్తాను. ఆవిరి మణికట్టుకి తగిలింది. ఐదు నిమిషాలకి అద్దం లోపల 6 నుంచి 9 దాకా మంచు పట్టింది. భయంతో చెయ్యి వణికింది. వెంటనే వెనక మూత తీయించి ఆరబెట్టాల్సి వచ్చింది.

ఇంకొకటి, లేత వేపుడు గింజ కొని పాలు పోయకు. నేను అరకు గింజ లేతది తెప్పించి పాలు పోస్తే విరిగినంత పులుపు. అదే గింజ ఉత్తగా తాగితే నారింజ తొక్క వాసన.

మన్యం_గాలి:
డల్లాస్ అన్నా, ఆ నారింజ తొక్క వాసన చెప్పావు చూడు, అది మా అమ్మకి చదివి వినిపించాను. థాంక్స్.

కృష్ణలంక_కుర్రాడు:
కంటద్దం గారూ, కంపాస్ పెట్టి చూశాను. ముల్లు సగం చుట్టు తిరిగింది! రోజూ రాత్రి వాచీ తీసి బ్లూటూత్ స్పీకర్ మీద పెడుతున్నాను, అదే కారణమేమో. డయల్ ముట్టుకోను, తేలింది. కానీ నీళ్ళ గురించి ఒక్కరూ చెప్పలేదు. చికోరీ మీద మాత్రం ఇంత రాశారు. దయచేసి ఎవరైనా చెప్పండి.

అనంతపురం_బోరు:
నేను చెప్తా సామీ. నీళ్ళే. నీళ్ళలో కరిగిన ఖనిజాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటరు ఉంటాది. మా ఇంట్లో ఆర్వో నీళ్ళకి అది 30 చూపిస్తాది. ఆ నీళ్ళతో ఎంత మంచి గింజ వేసినా పస ఉండదు. కాఫీలో రుచి లాగేది నీళ్ళలోని ఖనిజాలే. 150 దగ్గర ఉండాలని కాఫీ వాళ్ళ లెక్క. నేను రెండు గ్లాసుల ఆర్వోకి ఒక గ్లాసు మునిసిపల్ కుళాయి నీళ్ళు కలుపుతా. మా కుళాయి 400 ఉండాది, కలిపితే 150 చిల్లర వస్తాది. మొదటి గుక్కకే తేడా తెలిసింది, నా భార్య కూడా గింజ మార్చినావా అని అడిగింది. బోరు నీళ్ళు మాత్రం కలపొద్దు. మా జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఉండాది, పైగా కెటిల్ అడుగున తెల్లగా పొక్కు కడతాది. మీటరు రెండు మూడు వందలకే దొరుకుతాది, వాచీ కన్నా గ్రైండర్ కన్నా ముందు అది కొను.

డబరా_గ్లాసు:
మా నెల్లూరులో కూడా నీళ్ళు మారితే డికాషన్ మారుతుంది, నిజమే. క్యాను నీళ్ళు వచ్చాక మా ఇంట్లో కాఫీకి ఆ పాత రంగు రావడం లేదు. నేను ఇన్నాళ్ళూ పొడి తప్పనుకున్నాను.

మన్యం_గాలి:
చూశారా, పొడి తప్పు కూడా ఉంది.

డబరా_గ్లాసు:
మళ్ళీ మొదలుపెట్టారు.

కంటద్దం_94:
విజయవాడ బాబూ, అయస్కాంతం తీసే డబ్బా చిన్నది ఉంటుంది. ప్లగ్గులో పెట్టి, వాచీ దాని మీద ఉంచి, బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా దూరం జరపాలి. బటన్ ముందే వదిలేస్తే మళ్ళీ పడుతుంది. నీకు అలవాటు లేకపోతే ఏ వాచీ షాపులోనైనా నిమిషంలో చేసిపెడతారు. ఇది కాక ఆ జనతాకి చివరిసారి ఓవరాయిలింగ్ (మొత్తం విప్పి కడిగి నూనె వేయడం) ఎప్పుడు చేయించారో ఇంట్లో అడుగు. నూనె ఎండిపోయాక ఆడిస్తే పివట్లు (చక్రాల ఇరుసు మొనలు) అరిగిపోతాయి. దాని గుండె గంటకి 18,000 దెబ్బలు కొడుతుంది, సెకనుకి ఐదు. ఆ లెక్కన నూనె లేకుండా రాపిడి ఎంతో ఊహించుకో. కొత్తది కొంటే సీకో ఎన్‌హెచ్35 అనే ఆటోమేటిక్ యంత్రం ఉన్నది తీసుకో, గంటకి 21,600, విడిభాగాలు దొరుకుతాయి, పాడైనా నాలాంటివాడు బాగుచేయగలడు. రాత్రి 9 నుంచి తెల్లవారి 3 లోపు తేదీ తిప్పకు, చక్రాల పళ్ళు విరుగుతాయి.

సనత్‌నగర్_బిడ్డ:
అందరికీ మంచిగ చెప్తున్నవ్, నాకే గట్ల చెప్పినవ్.

కంటద్దం_94:
సనత్‌నగర్ తమ్ముడూ, బొమ్మ అన్నది తప్పు మాట. మీ నాన్నగారు చెయ్యెత్తి చూపించారని రాసినది రాత్రి మళ్ళీ చదివాను. మా నాన్నగారి వాచీ నా దగ్గర లేదు, ఆయన జబ్బు ఖర్చుకి అమ్మేశాం. రంగు విషయంలో మాత్రం నా మాట మార్చను.

సనత్‌నగర్_బిడ్డ:
సరే అన్నా. నువ్వు మార్చకు, నేను గూడ మార్చ. ఒక పని చేసి పెడ్తవా? ఆ ఆల్విన్‌కు కీ గుండీ అరిగి జారుతున్నది, కీ ఇయ్యనికి వస్తలేదు. హైదరాబాద్‌ల నాలుగు షాపులు తిరిగిన, ఉన్నదన్నోడు లేడు.

కృష్ణలంక_కుర్రాడు:
అయస్కాంతం తీయించాను. నిన్న పొద్దున 7 నుంచి ఇవాళ పొద్దున 7 దాకా 20 సెకన్లే ముందుంది! గ్రైండర్ ఆర్డర్ పెట్టాను, మీటరు కూడా. వాచీ దీపావళికి. ఇవాళ పొద్దున కుళాయి నీళ్ళు కలిపి చేశాను, చప్పదనం పోయింది, కానీ నాలుగు నిమిషాలు పట్టింది దిగడానికి. మిక్సీ పిండి వల్లే కదా?

డల్లాస్_డికాషన్:
పిండి వల్లే. గ్రైండర్ వచ్చాక మూడు నిమిషాలు దాటితే దాని మీట రెండు క్లిక్కులు తిప్పి పొడి లావు చెయ్యి.

కంటద్దం_94:
సనత్‌నగర్ తమ్ముడూ, గుండీ వెడల్పు, స్టెమ్ (గుండీ నుంచి లోపలికి పోయే పుల్ల) లావు కొలిచి ఫోటో పెట్టు. స్టెమ్ బయటికి లాగకు, లోపలి లివర్ జారితే మళ్ళీ మొత్తం విప్పాలి. నాన్నగారి పాత డబ్బాలో ఆల్విన్ గుండీలు రెండు ఉన్నాయి. సరిపోతే పోస్టులో పంపుతాను.